కొంగు కింద జొన్నన్నం

పెళ్లిచూపుల్లో నేనొక అబద్ధమాడాను. "మా ఇంట్లో రెండు పూటలా వరన్నమేనండీ" అని.

అమ్మాయిది బందరు పక్క పల్లె, చుట్టూ వరిచేలు. మాది నందిగామ దగ్గర మెట్ట ఊరు. క్రిస్మసుకో, చుట్టాలొస్తేనో వరి వండేవాళ్లం. మిగతా రోజులన్నీ జొన్నన్నమే. నాకు కొత్తగా బడిపంతులు ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు పొగరూ వచ్చింది.

సాగరు కాలవ మా మెట్టకు వస్తుందని, ఇక ఇక్కడా వరే పండుతుందని నందిగామ హోటళ్లలో ఒకటే చర్చ. అంతకుముందు జొన్నన్నం తిన్నామని మామూలుగా చెప్పేవాళ్లు కూడా గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టారు. నేను ఇంకో అడుగు ముందుకేసి "రేపటి మనిషి తెల్లన్నం తింటాడు, జొన్నలు పిట్టలు తింటాయి" అని పిల్లల చేత వల్లె వేయించాను. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ పిల్లలందరూ ఇళ్లకు పరిగెత్తి తినేది జొన్నన్నమే.

పెళ్లి కాగానే అమ్మతో చెప్పాను. "కోడలి ముందు జొన్నన్నం తినకమ్మా. నా పరువు పోద్ది."

"వరన్నం తింటే గంటకే ఆకలేస్తదిరా. చేలో ఎట్టా వంగేది?" అంది అమ్మ. అయినా ఆ రోజు నుంచి గిన్నె పట్టుకుని గొడ్ల కొట్టం వెనక్కి వెళ్లి తినేది. నేను చూశాను. చూసి, హమ్మయ్య అనుకున్నాను. ఆదివారం గుడిలో మోకరించి చాలా పాపాలు ఒప్పుకున్నాను గానీ, ఇది మాత్రం నోటికి రాలేదు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ఇన్‌స్పెక్టరు తనిఖీ తొందరగా ముగించి వెళ్లిపోవడంతో బడి పెందలాడే వదిలేశాం. ఇంటికొచ్చేసరికి కొట్టం వెనక నుంచి నవ్వులు. తొంగిచూశాను. అత్తాకోడళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో జొన్నన్నం గిన్నె, గోంగూర పచ్చడి, చితక్కొట్టిన ఉల్లిపాయ. మా ఆవిడ గోంగూర పుల్లను బెత్తంలా ఊపుతూ, అచ్చం నా గొంతుతో అడుగుతోంది.

"రేపటి మనిషి ఏం తింటాడు? గట్టిగా చెప్పాలి!"

"తెల్లన్నం సార్!" అంటూ అమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

అంతలో అమ్మ నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. చటుక్కున గిన్నె దగ్గరికి లాక్కుని కొంగు కప్పేసింది.

మా ఆవిడ మాత్రం వేళ్లు నాక్కుంటూ అంది. "మూడో రోజే తెలిసిందండీ. తెల్లారగట్ల రోట్లో జొన్నలు దంచే చప్పుడు మీకు వినపడదేమో గానీ, నాకు చెవులున్నాయి."

"మరి చెప్పలేదే?"

"అంత కష్టపడి దాస్తున్నారు గదా, పాపం, చెడగొట్టడమెందుకని."

నా చూపు ఆ కొంగు మీదే ఉంది. పిల్లప్పుడు ఆ గిన్నెలోంచే నాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి, దాన్ని నాకు కనపడకుండా దాస్తోంది. చెప్పులు విడిచి మట్టిలో చతికిలబడ్డాను.

"అమ్మా, తప్పయిపోయింది. నాకూ ఓ ముద్ద పెట్టవే."

"మరి నీ పరువో?"

"పోయిందిగా."

"పోతే పోయిందిలే, ఆకలన్నా తీరుద్ది" అంటూ కొంగు తీసింది. నేను గబగబా మింగి పొలమారితే ఇద్దరూ చెరోవైపు నుంచి నా నెత్తిన తట్టారు. అవసరమైన దానికంటే గట్టిగానే తట్టారు.

మర్నాడు బడిలో చెప్పాను. "నేను తప్పు పాఠం చెప్పానర్రా. మీ ఇళ్లలో ఏం వండారో సిగ్గుపడకుండా చెప్పండి." ఒక పిల్ల లేచి మెల్లగా "జొన్నన్నం సార్" అంది. ఆ వెంటనే తరగతంతా ఎలుగెత్తి అరిచింది. పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి.

తర్వాత కాలవ వచ్చింది, వరీ వచ్చింది. మా ఇంట్లో రెండూ వండుకుని నడింట్లో కూర్చుని తిన్నాం. కానీ కొత్తవాళ్లెవరైనా గుమ్మంలోకి వస్తే, అమ్మ చెయ్యి దానంతటదే కొంగు మీదికి వెళ్లేది. మా ఆవిడ నవ్వుతూ ఆ చెయ్యి పట్టుకుని, వచ్చినవాళ్లకు కూడా జొన్నన్నం వడ్డించేది.