మాస్టారు పెట్టకుండా ఆపిన ప్రోగ్రాము

సామర్లకోటలో మా మేడమీద అద్దెకున్న మాస్టారు, కంప్యూటర్లో ఎక్కించుకునే ఉచిత ప్రోగ్రాముల జాబితాను తెలుగులో రాసి ఇంటర్నెట్‌లో పెట్టేవారు. ఏది పెట్టబోయినా ముందు, యాభై దాటాక అక్షరాలు దిద్దిన నాచేత చదివించేవారు. నేను కూడబలుక్కుంటుంటే చేతులు కట్టుకుని నిలబడేవారు తప్ప ఒక్క మాట అందించేవారు కాదు. "మీకర్థమైతే అందరికీ అర్థమైనట్టేనండి, పిన్నిగారూ" అనేవారు.

ఒకరోజు ఒక కొత్త ప్రోగ్రాము గురించి ఆయన రాసింది చదివి, "వద్దనుకుంటే ఎలా తీసెయ్యాలో అన్నిటికీ రాస్తారు కదండీ, దీనికి రాయలేదేంటి?" అన్నాను. ఆయన నాలిక్కరుచుకుని, పైకెళ్ళి తన కంప్యూటర్లోంచి ఆ ప్రోగ్రామును తీసేసి చూశారు.

కాసేపటికి దిగివచ్చి, "అది పోతూపోతూ నేను కంప్యూటర్లో దాచుకున్న ఉత్తరాలన్నీ పట్టుకుపోయిందండి" అన్నారు. "అయ్యయ్యో!" అన్నాను.

"నావే లెండి. జాబితాలో ఇంకా పెట్టలేదు, ఇంకెవరివీ పోలేదు" అంటూ మెట్టుమీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి హాయిగా తాగారు.