మగ్గంలో మిగిలిన కొసలు

నా మనవరాలికి పొద్దున కాఫీతో పాటు ఫోనులో ఒక వింత వార్త కూడా ఉండాలి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏడో అంతస్తులో దాని ఇల్లు. కడుపుతో ఉంది కదా అని తోడుకు వచ్చి కొన్నాళ్ళుగా నేనూ అక్కడే ఉంటున్నాను. అది బాల్కనీలో కాళ్ళు చాపుకొని కూర్చుని చదువుతుంది, నేను ఎదురుగా అనపకాయలు ఒలిచి గింజలు తీస్తూ వింటాను. మొన్నొక రోజు శనిగ్రహం చుట్టూ ఇంకా బోలెడన్ని చందమామలు దొరికాయని చదివింది. ఒక్క చందమామకే మనకు ఇన్ని అమావాస్యలు, ఏకాదశులు, ఒక్కపొద్దులు ఉన్నాయే, అన్ని చందమామలున్న చోట ఆడవాళ్ళు ఎప్పుడు వండుకొని ఎప్పుడు తింటారో అన్నాను. అది కాఫీ పొలమారేలా నవ్వింది. నేను చదివింది నాలుగో తరగతి. ఏ వార్త నమ్మాలి, ఏది నమ్మకూడదు అనే బెంగ నాకు లేదు. చెప్పిందంతా విని, ఒక కథలాగా దాచుకుంటాను.

పోయిన వారం విన్నది మాత్రం దాచుకోలేకపోయాను. అది చదువుతూ చదువుతూ ఆగి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "అవ్వా, ఇది విను. కడుపులో ఉన్నప్పుడు బేబీ కణాలు కొన్ని అమ్మ రక్తంలోకి వచ్చేస్తాయంట. డెలివరీ అయినాక కూడా పోవంట. ఏళ్ళకేళ్ళు అమ్మ ఒంట్లోనే ఉంటాయంట. గుండెలో, బ్రెయిన్‌లో కూడా కనిపించాయంట." కణమంటే ఏమిటని అడిగాను. గోడకు ఇటుక ఎట్లాగో ఒంటికి అది అట్లా, కాకపోతే కంటికి కనపడదు అంది. అక్కడ కూర్చుని అవి ఏం చేస్తాయట అన్నాను. అది కనిపెట్టినవాళ్ళకే ఇంకా సరిగ్గా తెలియదట, మేలు చేస్తాయని కొందరు, కీడు కూడా చెయ్యొచ్చని కొందరు అంటున్నారట. నేను అనపకాయల గిన్నె కింద పెట్టి ఒక్క మాట అడిగాను. "బతకని బిడ్డవి కూడా ఉంటాయా?" అది మళ్ళీ ఫోనులో వెతికింది. తలెత్తకుండానే "ఉంటాయంట అవ్వా" అంది. ఆ క్షణంలో ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది.

ఆ మనిషి మా చిన్నమ్మ, మా అమ్మకు చెల్లెలు. ఎనభై దాటినా, ఊరి నడిబొడ్డున పేటలోని మా పాత ఇంట్లోనే ఉంది, అందుకే నా మనవరాలు ఆమెను పేటవ్వ అంటుంది. మా నాన్న, చిన్నాన్న తోడల్లుళ్ళు. ఇద్దరూ ఒకే ఇంట్లో నేలలో గుంటలు తవ్వి రెండు గుంట మగ్గాలు వేసుకొని పట్టుచీరలు నేసేవాళ్ళు. ఇల్లని పేరే గానీ, మగ్గాలు పోను మిగిలిన చోట్లో మేము సర్దుకునేవాళ్ళం. వీధి వాకిలి నుంచి పెరటి దాకా గంజి వాసన, తడి పట్టు వాసన, వాటిని దాటి వచ్చే ఇంగువ తాళింపు వాసన. మగ్గం చప్పుడులో హాయిగా నిద్రపోయేవాళ్ళం, అది ఆగితేనే ఏమైందోనని లేచి కూర్చునేవాళ్ళం. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయి ఆఖరి చీర కోసి తీశాక, మిగిలిన పోగులన్నీ పీకి పారేయరు. దువ్వెనలాంటి అచ్చులో దూరి ఉన్న కొసలను అట్లాగే ఉంచుతారు. కొత్త పడుగు వచ్చాక, దానిలోని ఒక్కొక్క పోగునూ ఒక్కొక్క పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. వేలికి రవంత బూడిద అద్దుకొని, రెండూ కలిపి ఒక్క మెలిక. వెంట్రుక కన్నా సన్నటి పోగులు, కళ్ళు మూసుకుంటే వేలికి కూడా తగలవు. మా ఇంట్లో ఆ పని చిన్నమ్మది. పోగులు అతుకుతూనే కథలు చెప్పేది. నడుమ పోగు తెగితే కథ కూడా అక్కడే ఆగేది, మళ్ళీ అతికితే గానీ రాజకుమారుడు గుర్రం ఎక్కేవాడు కాదు.

నాకు ఆరేడేళ్ళున్నప్పుడు చిన్నమ్మ నిండు నెలలతో జట్కా ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది. మా అమ్మ పాత నూలు చీరలు చించి, మెత్తటి గుడ్డలు మడిచి మూట కట్టి ఇచ్చింది. ఆ మూట ముడి విప్పకుండానే తిరిగొచ్చింది. ఆడపిల్ల, పుట్టింది గానీ ఏడవలేదు అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం విన్నాను. ఆ తర్వాత ఆమెకు మళ్ళీ కానుపు రాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తకపోతే ఆమె మరిచిపోతుందని వాళ్ళ ఆలోచన. ఆమె ఆలోచన వేరు. వీధి కొళాయి దగ్గర కొత్తవాళ్ళెవరైనా పిల్లలెంతమంది అని అడిగితే, "ఒకతి" అనేది. ఏం చదువుతాండాది అంటే, "చదవల్యా. పుట్టేటప్పుడే పోయింది" అనేది, ఇవాళ నీళ్ళు సన్నగా వస్తున్నాయి అన్నంత మామూలుగా. అడిగినామె రోంత పక్కకు తప్పుకునేది. ఆ సందులో చిన్నమ్మ తన బిందె ముందుకు జరిపేది.

మా అమ్మకు ఇది నచ్చేది కాదు. "లేనిదాన్ని ఊరందరికీ చెప్పుకోవాలనా? జనం ఒకమాదిరి చూస్తాండారే" అనేది. చిన్నమ్మ పోగు మీద నుంచి కన్ను తీసేది కాదు. "నువ్వు ఇద్దరిని కన్నావు, ఇద్దరంటావు. నేను ఒకదాన్ని కన్నాను, ఒకతంటాను. నా లెక్కకు నీకెందుకక్కా బేజారు?"

నాకు పెళ్ళయి మొదటిసారి నెలలు నిండుతున్నప్పుడు, ఏడో నెలలో ఆ ఇంట్లోనే గాజుల వేడుక చేశారు. మా వాళ్ళలో ఆ రోజు గాజులు తొడిగే హక్కు పిల్లల తల్లులది. పచ్చటి మట్టిగాజులు. ఏడో నెలకు చేతులు నీరు పట్టి ఉంటాయి కాబట్టి అవి ఎక్కవు, అయినా ఎక్కించాలి, ఒక్కటీ చిట్లకూడదు. చిట్లితే పగిలిందన్న మాట నోట రాకూడదు, పెరిగింది అనాలి. మాట మార్చినంత మాత్రాన భయం పోదు, ఎవరి చేతిలో పెరిగిందో వాళ్ళ పేరు ఆ కానుపు అయ్యేదాకా అందరికీ గుర్తుంటుంది. పెత్తనమంతా మా అత్తగారి అక్కది. వక్క నములుతూనే ఊరిని శాసించగల మనిషి. "పిల్లల తల్లులు ముందుకు రండమ్మా. తక్కినోళ్ళు వంటింట్లో కోసంబరి కలపండి" అంది. ఆ ఇంట్లో ఆ తక్కినోళ్ళు అనే మాటకు ఉన్నది ఒక్కరే.

చిన్నమ్మ నానిన పెసరపప్పులో దోసకాయ ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి కోసంబరి కలిపింది. కలిపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ చేతుల నిమ్మకాయ వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

"నువ్వు కాదమ్మా. పిల్లలుండేవాళ్ళు" అంది అత్తగారి అక్క.

"నాకూ ఒకతి ఉండాది."

"ఉంటే పిలువు. మేమూ చూస్తాము."

వేడుకని ఆ రోజు నేస్తున్న మగ్గం కూడా ఆపారు, చప్పుడు లేని ఆ ఇల్లు నాకు కొత్తగా ఉంది. చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి పడుగు అయిపోయిన రెండో మగ్గం వైపు చెయ్యి చూపింది. "దాన్ని చూడుక్కా. మొన్ననే చీర కోసి అంగడికి ఇచ్చినారు. కొసలు దాంట్లోనే ఉండాయి, రేపు కొత్త పడుగు వాటికే అతకాల. చీర పోయిందని దాన్ని ఉత్త మగ్గమంటావా?" అక్కడున్న ఆడవాళ్ళందరూ నేత ఇళ్ళలో పుట్టి నేత ఇళ్ళకు వచ్చినవాళ్ళే. దానికి అవునని ఎవరనగలరు? అత్తగారి అక్క కూడా అనలేదు. "మాటలు బాగా నేర్చినావు. గాజు పెరిగితే ఎవరు పూచీ?" అని మాత్రం అంది. "నేనే" అంది చిన్నమ్మ.

నా చెయ్యి తీసుకుంది. బొటనవేలు అరచేతిలోకి మడిచి, వేళ్ళ మొదళ్ళను ఒక్కొక్కటిగా నొక్కుతూ, పోగు అతికే ఆ వేళ్ళతోనే ఎముకలకు ఏదో నచ్చజెప్పింది. గాజు వచ్చి మణికట్టు మీద నిలబడింది. తర్వాత ఇంకొకటి. "సరే, అయింది గదా. ఒక చెయ్యి చాలు, లెయ్యి" అంది అత్తగారి అక్క. అత్తవారింట అప్పటిదాకా తలెత్తి మాట్లాడి ఎరగని కోడలిని నేను. ఎట్లా వచ్చిందో గానీ రెండో చెయ్యి చాపాను. "దీనికి కూడా నువ్వే వెయ్యి చిన్నమ్మా" అన్నాను. అత్తగారి అక్క నోట్లో వక్క నలగడం ఆగిపోయింది.

చిన్నమ్మకు ఆ ధైర్యం ఆ పూటకే సరిపోయింది. తర్వాత కాన్పు దాకా చిన్నమ్మ రోజూ పొద్దున మొహం కడగక ముందే నా పక్కన కూర్చుని "కదులుతాండాదా?" అని అడిగేది. కదులుతోంది అంటేనే లేచి పొయ్యి వెలిగించేది. నాకు కాన్పయిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి ఉందట. లోపల నుంచి పసిగొంతు వినబడగానే "ఏడ్చింది" అని ఒక్క మాట అందట. అప్పుడు ఏడ్చిన పిల్లే, ఈ ఫోను చదివే మనవరాలి తల్లి.

అందుకే ఆ వార్త విన్న మధ్యాహ్నమే క్యాబ్ ఎక్కి పేటకు వెళ్ళాను. ఇప్పుడు ఆ ఇంట్లో మగ్గాలు లేవు. గుంటల మీద పలకలు పరిచి, ఒకదాని మీద టీవీ, ఇంకొకదాని మీద మా తమ్ముడు వాళ్ళ బీరువా పెట్టారు. చిన్నమ్మ పాలలో నానబెట్టిన బన్ను తింటోంది. ఆమె చెవి దగ్గర కూర్చుని, అదంతా నేనే కనిపెట్టినంత గర్వంగా అరిచి చెప్పాను. బన్ను అయిపోయాక అడిగింది.

"కనిపెట్టింది ఆడోళ్ళా, మగోళ్ళా?"

"ఇద్దరూ ఉంటారేమో."

"ఊ. బాగుండాది, సంతోషమే. రేపు ఇంకొకాయప్ప వచ్చి, అదంతా తప్పు, లోపల ఏమీ ల్యా అంటే? అప్పుడు నాకు బిడ్డ పుట్టనట్టా? వాళ్ళు చూసి చెప్పినారని నేను తల్లిని కాలేదే. వాళ్ళు కాదంటే మానుకునేదీ లేదు. ఆ మాట పట్టుకొని అందరికీ చెప్పబాకు, సుమ్నే ఊరకుండు."

నాకు రోషం వచ్చింది. ఇంత దూరం ట్రాఫిక్‌లో పడి మోసుకొచ్చిన వార్త ఇట్లా తీసి పక్కన పెట్టేసిందే అని. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది. "గుండెలో అని చెప్పినావే. ఏ పక్క?" ఎడమ పక్కనే కదా అన్నాను. అవునవును, తెలుసు అన్నట్టు తలాడించి, టీవీ వైపు తిరిగింది. కుడిచెయ్యి మాత్రం కొంగు కిందికి పోయింది.

మొన్న ఆదివారం మనవరాలి గాజుల వేడుక, దాని అపార్ట్‌మెంటు కింది హాల్లోనే. చిన్నమ్మను కూడా పేట నుంచి తీసుకొచ్చాం. దాని అత్తగారివాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో స్థిరపడినవాళ్ళు. మంచివాళ్ళు, ఆ మాట ముందే చెప్పాలి. గాజుల పళ్ళెం వచ్చేసరికి మనవరాలి అత్తగారు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అంది. "ఆంటీ, ఏమీ అనుకోకండి. ఫస్ట్ గాజులు పిల్లలున్నవాళ్ళతో వేయిద్దామండీ. పెద్దావిడ తర్వాత బ్లెస్ చేస్తారు. జస్ట్ సెంటిమెంట్, అంతే." యాభై ఏళ్ళ నాటి మాటే, నోట్లో వక్క ఒక్కటే లేదు. నేను నోరు తెరిచే లోపలే మనవరాలు ఫోను తీసింది. వార్త చూపించి అందరి ముందూ చదువుదామని.

"అది లోపల పెట్టు పాపా. నాకు సాక్షి వద్దు" అంది చిన్నమ్మ. ఆ చెవులకు కావలసినవి మాత్రం ఎట్లా వినపడతాయో. దాని అత్తగారి వైపు తిరిగింది. "నాకు ఒకతి పుట్టిందమ్మా. పుట్టేటప్పుడే పోయింది. నేను తల్లినే. ఇంగ చెయ్యి ఇయ్యి పాపా."

మనవరాలు చెయ్యి ఇచ్చింది. పోగులు అతికిన ఆ వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి. గాజు వేళ్ళ మొదళ్ళ దాకా వచ్చింది, ఆగింది, ఇంకొంచెం జరిగి, టప్ మంది. "పెరిగింది" అని ఎవరో గుసగుసగా అన్నారు.

"పగిలిందమ్మా" అంది చిన్నమ్మ, మనవరాలి అరచెయ్యి తిప్పి ఎక్కడైనా గీరుకుందేమోనని చూస్తూ. "గాజు గదా. పగలకుంటే గాజులమ్మే ఆయప్ప ఎట్ల బతుకుతాడు?"

మనవరాలు రెండో చెయ్యి చాపింది. "ఇంకోటి వెయ్యి పేటవ్వా." దానికి నా వేడుక సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. పళ్ళెంలో చెయ్యి పెట్టింది దాని అత్తగారే. గాజులు కదిపి కదిపి ఒకటి తీసి, మొహంలో భయం అట్లాగే ఉన్నా, చిన్నమ్మ చేతికి అందించింది. "ఇది కొంచెం పెద్ద సైజు, చూడండమ్మా" అంది. అది ఎక్కింది.

కాన్పుకు ఇంకా రెండు నెలలుంది. రోజూ పొద్దున పేట నుంచి ఫోను వస్తోంది, కదులుతాండాదా అని. మంచే జరుగుతుందని నా నమ్మకం. ఏది జరిగినా ఆ గాజు వల్ల జరిగిందని మాత్రం ఎవరూ నా ముందు అనకూడదు, ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. కాలం మా చిన్నమ్మ దగ్గర చాలానే కోసుకొని పోయింది. కొసలు మాత్రం ఆమె వదల్లేదు.