పక్కింటికి పోయిన సౌండు

మా చిన్నాయనకు ఏ వస్తువు చెడిపోయినా సంబరమే. లుంగీ ఎగ్గట్టి, "జర నాకిడ్సిపెట్టుండ్రి" అంటూ ముందుకొచ్చేవాడు.

పెబ్బేరులోని మా ఇంట్లో ఒక సాయంత్రం, సీరియల్లో అత్త కోడల్ని తిడుతుండగా, టీవీ సౌండు తక్కువైందని చిన్నమ్మ అంది. చిన్నాయన రిమోట్ అందుకుని తోచిన బటన్లన్నీ నొక్కాడు. ఉన్న సౌండూ పోయింది. వైరు పీకి పెట్టాడు, టీవీ వీపు తట్టాడు. అత్త నోరు మాత్రమే ఆడుతోంది.

ఇంతలో పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. "ఏందన్నా, మా ఇంట్ల ఎవతో నన్ను సిగ్గులేనిదానా అని తిడ్తున్నది! మనిషి కనవడ్తలేదు!"

వెళ్లి చూస్తే, ఆమె అల్మారా మీది బ్లూటూత్ స్పీకర్‌లో మా సీరియల్ అత్త గొంతు చించుకుంటోంది. చిన్నాయన నొక్కుడుకు మా టీవీ దానితో కలిసిపోయింది.

విడదీయడం ఆయనకు తెలియదు. తెల్వదనడం అసలే రాదు. స్పీకర్‌ను తెచ్చి మా టీవీ ముందు పెట్టి, "ఇప్పుడెట్లున్నది?" అన్నాడు గర్వంగా.

సౌండు నిజంగానే బాగుంది. కానీ పక్కింటామె మా చాప మీద కూర్చుని, కోడలి తరఫున ఆ అత్తను తిట్టడం మొదలుపెట్టింది. సీరియల్ ఒక్క ముక్క వినపడలేదు. సౌండు పెంచుదామని చిన్నాయన మళ్లీ రిమోట్ కోసం చెయ్యి చాపాడు. చిన్నమ్మ గబుక్కున దాని మీద కూర్చుంది.