మా బావ అడ్డవిల్లు

నిన్న టీవీలో చేతుల్లేని ఒకాయన కాలితో విల్లు ఎత్తిపట్టి బాణం వేయడం చూశాను. ఆ పోటీలో ఎవరికి ఏ పరికరం చెల్లుతుందో వ్యాఖ్యాత చాలాసేపు వివరించాడు. ఈ పొద్దున్న డైరీలో ఆ ముక్క రాసుకుంటుంటే మా అక్క భర్త గుర్తుకొచ్చాడు.

బావది బొబ్బిలికి పైన, కొండల అంచున ఉన్న ఊరు. అరవయ్యో దశకం చివర్లో నేను గజపతినగరంలో ఉద్యోగం చేస్తూ, ఏటా చైత్రంలో ఇటుకల పండగకి సెలవు పెట్టి అక్కడికి వెళ్లేవాణ్ణి. అది కొండవాళ్ల పండగే అయినా ఇరుగుపొరుగు వల్ల ఆ ఊరికీ అబ్బింది. మగవాళ్లు విల్లంబులతో వేటకి వెళ్లాలి. ఏమీ కొట్టకుండా తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొగలో కాపు కాసి పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఏడాది పొడుగునా దాచుకున్న కోపాలన్నీ ఆ కుండల్లో కలిపేవారని నా అనుమానం. నేను మంచినీళ్ల ఆనపకాయ బుర్ర మోయడానికే వెళ్లినా నాకూ పడేవి.

బావకి గురి బాగా కుదిరేది. ఒక ఏడు చెరకు గానుగలో ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. తరువాతి పండగకి ఎవరూ పిలవలేదు. ముసలివాళ్లతో పాటు అరుగు మీద కూర్చున్నాడు. వానలు తగ్గగానే వడ్రంగి దగ్గర చేరాడు. ముందు వింటితాడుకి తోలుముక్క కట్టి పళ్లతో లాగి చూశాడు. ఒక పన్ను ఊడింది. తరువాత పొడుగాటి కర్రకి విల్లు అడ్డంగా బిగించారు. విల్లుని కాలితో తొక్కిపట్టి ఎడమచేత్తో తాడు లాగితే కర్రమీది గాడిలో నిలుస్తుంది. కింద మీట నొక్కితే బాణం వెళ్తుంది. ఊరు దానికి అడ్డవిల్లని పేరు పెట్టింది.

మళ్లీ పండగ వచ్చేసరికి, వేట నడిపించే పెద్దాయన వాకిట్లో తగువు లేచింది. “ఇది విల్లేటి? తుపాకీకి సెల్లెలు,” అన్నాడు బావ దాయాది ఒకడు. “మేం జంతువుని సూసినాక లాగుతాం. ఈడు ఇంటికాడే లాగీసి మోసుకొస్తాడు. అదేటి యేట?”

పెద్దాయన అడ్డవిల్లుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఒరే, జంతువు కంటబడ్డాకే తాడు బిగించాల. ఈలోగా అది పోతే పోనీ. ఒప్పుకుంటే రా.”

“వస్తాను మావా,” అన్నాడు బావ.

అడవిలో నన్నూ ఆయన్నీ ఒక గెడ్డ ఒడ్డున, నీళ్ల పక్కన నిలబెట్టారు. “ముందే బిగించీ బావా, ఎవులు సూస్తారు?” అన్నాను.

“నువ్వు సూస్తన్నావు కదరా.”

పొదలోంచి పంది వచ్చింది. బావ విల్లు తొక్కి, తాడు లాగి, గాడిలో పెట్టి, బాణం అమర్చి ఎత్తేసరికి గడ్డి మాత్రం కదులుతోంది.

ఆ రోజు ఎవరికీ ఏమీ దొరకలేదు. ఊరి మొగలో ఆడవాళ్లు వరసగా అందరినీ తడిపారు. బావ దగ్గరకి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఒకామె కుండ వెనక్కి తీసుకుని దారి ఇచ్చింది. బావ కదల్లేదు. ఆయన ముఖం అంతగా చిన్నబోవడం, చెయ్యి పోయాక పలకరించడానికి వెళ్లినప్పుడు కూడా నేను చూడలేదు.

“నా మీద ఏల పొయ్యరు? నేను యేటకెల్లలేదేటి?”

వెనకనుంచి మా అక్క వచ్చింది. “ఎల్లినోడివి ఒక కుందేలైనా తెచ్చావేటి?” అని కుండెడూ నెత్తిన కుమ్మరించింది. తక్కినవాళ్లు అందుకున్నారు. బావ కళ్లు మూసుకుని, అందరి కుండలూ ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అక్క నీళ్లు తోడి మూడుసార్లు పిలిచినా స్నానానికి లేవలేదు.

బావ పోయి చాలా ఏళ్లయింది, అడ్డవిల్లు చెదలపాలైంది. ఇప్పుడు ఆయన్ని తలచుకుంటే రెండు చేతులున్నప్పటి మనిషి ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాడు. గడ్డం మీంచి పేడనీళ్లు కారుతున్న ఆ ముఖమే వస్తుంది. ఒక మనిషికున్న ఇన్ని ముఖాల్లోంచి దేన్ని మిగల్చాలో కాలం మనల్ని అడిగి నిర్ణయించదు.