లీలావతి వంటిల్లును లాగగల బండి

సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే జనార్దనరావుకు సెలవు దొరకడం ఎన్నడూ కష్టం కాలేదు. కష్టమంతా భార్య లీలావతిని గడప దాటించడంలోనే. హోటల్ గదిలో పొయ్యి ఉండదు. పొయ్యి లేనిచోట ఆవిడ ఉండదు. పెళ్ళయిననాటి నుంచీ వాళ్ళ విహారయాత్రలన్నీ మధ్యాహ్నం భోజనాల వేళకు చోవా చూ కాంగ్‌లోని ఫ్లాటుకే తిరిగొచ్చేవి.

ఇంటికి దగ్గర్లోనే ఉన్న లిమ్ చూ కాంగ్‌లో కో అనే ఆయన నర్సరీకి కరివేపాకు మొక్క కోసం వెళ్ళినప్పుడు జనార్దనరావు కంట పడింది ఆ ట్రెయిలర్. చక్రాల మీద చిన్న ఇల్లు. పడకలు, కిటికీకి తెర, గ్యాసు పొయ్యి. ఎవరో విదేశీయుడు సింగపూర్ విడిచిపోతూ వదిలేశాడట. కో అందులో ఎరువు బస్తాలు పెట్టుకున్నాడు.

"కావాలంటే లాక్కుపో" అన్నాడు కో.

లాక్కుపోవడానికి బండి కావాలి. జనార్దనరావుకు సైకిలు కూడా లేదు.

"డాడీ, సింగపూర్ ఈ చివర్నించి ఆ చివరికి వన్ అవర్ లా! వేర్ టు గో?" అంది కాలేజీలో చదివే కూతురు నిఖిల, అక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

"ఎక్కడికన్నది తర్వాతమ్మా. ముందు బండి."

పాత పికప్పులు అమ్మే బాలు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. "అంకుల్, ఎంత లాగుద్దని అందరూ అడుగుతారు. ఎంత మోస్తదో ఎవరూ అడగరు. ట్రెయిలర్ ముక్కు వచ్చి బండి కొక్కెం మీద కూర్చుంటది. ఆ బరువు, మీ ముగ్గురి బరువు అంతా బండి వీపు మీదే. ఎక్కువైతే వెనక కుంగి ముందు తేలిపోద్ది. స్టీరింగ్ మీ మాట వినదు. ముందు లోపల ఏం పెడతారో చెప్పండి" అన్నాడు.

అది లీలావతి చెప్పింది. కుక్కరు, పెనం, పోపులపెట్టె. బాలు చిన్న పికప్పు చూపించాడు. మరుసటి వారం ఆవిడకు గ్రైండరు గుర్తొచ్చింది.

"మిక్సీ పిండితో గారెలేసుకునే భాగ్యానికి అంత దూరం పోవాలా అండీ?"

చిన్న పికప్పు లెక్కలోంచి పోయింది. తర్వాత ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా, దేవుడి మందిరం వచ్చి చేరాయి. మధ్యరకం పికప్పూ పోయింది. చివరికి బాలు పెద్ద కాటా తెచ్చి వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో పెట్టాడు. వంటిల్లంతా కిందికి దిగింది. పక్కింటి చైనీస్ పెద్దావిడ వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకుని, కళ్ళు తుడుచుకుంటూ సంచీడు నారింజపళ్ళు తెచ్చిచ్చింది.

"ఇవీ తూచు బాలూ" అంది లీలావతి.

ఆ నారింజపళ్ళతో లెక్క పెద్ద డీజిల్ పికప్పు దగ్గర తేలింది. కొనేముందు నర్సరీలోనే లాగి చూద్దామన్నాడు బాలు. కో ఎరువు బస్తాలు తీయించాడు. లీలావతి రోజంతా ట్రెయిలర్ కడిగి సామాను సర్దింది.

"గ్రైండరు చక్రాల మీదికి జరపండి ఆంటీ. వెనక పెడితే తోక ఊగుద్ది" అన్నాడు బాలు.

పికప్పు కదిలింది. వెనక కుంగలేదు, తోక ఊగలేదు. ఆర్కిడ్ల పక్కనుంచి బయల్దేరి మామిడి మొక్కల దగ్గర ఆగింది. ఆగగానే లీలావతి పొయ్యి వెలిగించి పెసరట్లు పోసింది. కో తిన్నాడు. మళ్ళీ ప్లేటు చాపాడు. తర్వాత చేతులు కడుక్కుని, ఆ పికప్పును తనే కొనేశాడు.

"కుండీలు మొయ్యడానికి నాక్కావాలి. ఆదివారాలు మిమ్మల్ని లాగుతాను. ఆవిడ వండాలి" అన్నాడు.

జనార్దనరావు బాధపడతాడని బాలు భయపడ్డాడు. ఆయన మాత్రం, "చూశావా, మన ఎంపిక ఎంత కరెక్టో!" అని పొంగిపోయాడు.

అప్పటినుంచి ఆదివారాలు వాళ్ళు యాత్రకు పోతున్నారు. నర్సరీ ఈ చివర్నుంచి ఆ చివరికి. లీలావతి చెల్లెలికి ఫోన్ చేసి, "ఈసారి బొప్పాయిల వైపు వచ్చామే. ఇక్కడ గాలే వేరు" అని చెబుతుంది.

పోయిన ఆదివారం కుండపోత వాన. ట్రెయిలర్ చక్రాలు బురదలో దిగబడ్డాయి. రాత్రికి అక్కడే పడుకున్నారు. సోమవారం పొద్దున జనార్దనరావు మేనేజరుకు ఫోన్ చేసి, ఊళ్ళో లేనన్నాడు.

"ఏ దేశంలో ఉన్నావు?"

"లిమ్ చూ కాంగ్‌లో సర్."

"ఎప్పుడొస్తావు?"

"నేల ఆరగానే సర్."

సెలవు దొరికింది. నిఖిల ముసుగు తీయకుండానే, "ఇంకో రోజుందాం లా" అంది. కిటికీ తెర తొలగించి చూసింది లీలావతి. బయట ఎండ గట్టిగా కాస్తోంది, బురద అప్పుడే ఆరుతోంది. ఆవిడ మొహం చిన్నబోయింది.