నీలం గీతల చొక్కా

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. అన్న తరఫు వకీలు ఫోన్ చేసి, జైలు నుంచి వచ్చిన బట్టల్లో నీలం గీతల చొక్కా ఉందా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడా చొక్కా నా తలకు పైనే, దండెం మీద ఆరుతోంది.

అన్న శాలిబండలో ఒక ప్రెస్సులో పనిచేసేవాడు. గుడిసెలు కూలగొట్టడం తప్పని కరపత్రం వేసిన సంఘంలో ఉన్నాడు. ఒకరోజు పొద్దున పాలవాడి వెనకాలే పోలీసులు వచ్చారు. అతని పుస్తకాలన్నీ నేల మీద పోశారు. వాటిని దొంగచాటుగా చదివేది నేను, నచ్చిన చోట పెన్సిల్ గీతలు పెట్టేది నేను. ఈ గీతలెవరివని అడిగితే "నావే సార్" అన్నాడు అన్న. తలుపు పక్కన నిలబడి విన్నాను. అతణ్ని తీసుకెళ్లి బెయిల్ దొరకని కేసు పెట్టారు.

అప్పటినుంచి నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. మా ఛత్రినాక గల్లీలోకి ఇస్త్రీ బండి అతను కొత్తగా వచ్చాడు. సరిగ్గా మా గుమ్మం ఎదురుగానే ఎందుకు పెట్టాడు? పక్కింటామె రోజూ బెయిల్ సంగతి అడుగుతుంది. ఎవరికి చెప్పడానికి? ఒకసారి ఆమె నవ్వుతూ, "ఏందే, మీ అన్న నోరు నీకు సగమన్నా రాకపాయె" అంది. ఆ మాటను వారం రోజులు తిప్పి తిప్పి చూశాను. అన్న నోటి గురించి ఆమెకేం తెలుసు? మరొకతను కోర్టు నుంచి అని ఫోన్ చేసి, మీ ఇంటికి ఎవరెవరు వస్తున్నారని అడిగాడు. కోర్టులో అలాంటి మనిషే లేడని తర్వాత తెలిసింది. డైరీలో ఎండా వానా తప్ప ఇంకేదీ రాయడం మానేశాను.

వారానికోసారి ములాఖత్. విచారణ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు కాబట్టి, ఉతికినవి మేం గేటు దగ్గర గుమాస్తాకు ఇస్తాం. మాసినవాటి మూట అతను మాకిస్తాడు. ఆ మంగళవారం అన్న ఇనుప జాలీ అవతల భుజాలు కదపకుండా నిలబడ్డాడు. ఏమైందని అమ్మ అడిగింది. బాత్రూంలో జారిపడ్డానని చెప్పాడు. చెబుతూ వెనకనున్న వార్డరు వైపు ఒకసారి చూశాడు.

ఇంటికొచ్చి నల్లా దగ్గర మూట విప్పాను. ఆ చొక్కా అన్నిటికంటే లోపల, ప్యాంటు మడతలో ఉంది. వీపు మీద అడ్డంగా నాలుగు ముదురు చారలు, నెత్తురు ఎండి గుడ్డ అట్టలా బిగిసింది. జారిపడితే అలా చారలు పడవు. ముందుగదిలో అమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన మల్లెలు కడుతోంది.

"ఏమన్నా చినిగినయా బిడ్డా?" అని అడిగింది.

లేదని చెప్పి చొక్కాను బకెట్లో ముంచేశాను. అమ్మ చూడకూడదు, అంతే నా ఆలోచన. నెత్తుటి మరకకు చన్నీళ్లు, ఉప్పు. ఆడపిల్లకు ఇది ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు. మూడుసార్లు నీళ్లు మార్చాను. మరక పూర్తిగా పోయింది.

మర్నాడే, సంఘం కొత్తగా పెట్టిన వకీలునంటూ ఫోన్. కొత్త నంబరు, ఎప్పుడూ వినని గొంతు, అదీ మరీ మెత్తగా ఉంది. చొక్కా వస్తే ఉతకొద్దు, కాగితంలో చుట్టి దాచండి అన్నాడు. దాన్ని మా దగ్గర్నుంచి రాబట్టడానికి పోలీసులే చేయిస్తున్నారనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉంది. ఉతికేశానని చెప్పే పని తప్పింది.

కోర్టులో మళ్లీ అదే గొంతు విన్నాను. నల్లకోటు వేసుకుని, ఖైదీని కొట్టారు, బయటి ఆస్పత్రిలో చూపించాలి అని అడుగుతున్నాడు. జైలు డాక్టరు రాసిన కాగితంలో జారిపడ్డాడనే ఉంది. కొట్టారనడానికి ఆధారమేదని జడ్జి అడిగారు. ఖైదీ ఆ నెత్తుటి చొక్కా పంపాడు గానీ ఇంటికి చేరలేదన్నాడు వకీలు. అన్న తల తిప్పి నా వైపు చూశాడు. అమ్మ నా పక్కనే కూర్చుని గేటు గుమాస్తాను లోలోపల తిట్టుకుంటోంది. ఆ గుమాస్తా చేయని తప్పు అదొక్కటే. నేను లేచి నిలబడితే చాలు, చారలు చూశానని, అవి నాలుగని చెప్పొచ్చు. అంతమంది ముందు నేను లేవలేదు. పిటిషన్ కొట్టేశారు.

ఆ వారమే అన్నను దూరపు జైలుకు మార్చారు. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి, కలవనివ్వకుండా తిప్పి పంపుతున్నారు. ఆ రోజు కోర్టు వరండాలో, ఇద్దరు పోలీసుల మధ్య నడుస్తూ, నా దగ్గర ఒక్క క్షణం ఆగి అన్న చెప్పిన మాటలే ఇప్పటికి చివరివి.

"గేటు కాడనే తీసేసుంటరు చెల్లె. నువ్వు ఫికర్ జేయకు."