మజ్జిగ తొణకని జాకీ

రంగరాజు ఏ వస్తువు కొన్నా ముందు దానిమీద నిండు లోటా మజ్జిగ పెట్టి చూస్తాడు. తొణికిందా, ఆ వస్తువు గడప దాటి రాదు. మంచం అట్లాగే కొన్నాడు, ఎద్దులబండి అట్లాగే కొన్నాడు. డ్రైవరు శాంతయ్యను పనిలో పెట్టుకునేటప్పుడు కూడా పక్కన లోటా పట్టుకునే కూర్చున్నాడు. ఆ రోజు తొణికిన రెండు చుక్కలకు శాంతయ్య ఇంకా మాట పడుతూనే ఉన్నాడు.

రంగరాజుది నాటకాల కంపెనీ. ఆ కంపెనీకి ఇల్లూ వాకిలీ అన్నీ ఒక్క బస్సే. వంట అందులోనే, పడక అందులోనే. యుద్ధం అప్పుడే ముగిసింది, కొత్త టైర్లు దొరకవు. అతుకుల టైర్లు ఊరు దాటితే చాలు పంచరయ్యేవి. పాత జాకీ ఎత్తితే బస్సు ఎగిరెగిరి పడేది కాబట్టి అందరూ దిగాల్సిందే. నడుము పడిపోయిన దేవకమ్మను మాత్రం మంచంతో సహా నలుగురు దించేవాళ్లు. ఒకప్పుడు రాణి వేషాలకు జిల్లా అంతా పేరు మోసిన మనిషి. ఇప్పుడు పడుకునే, మరిచిపోయినవాళ్లకు పద్యాలు అందిస్తూ ఉంటుంది. దారిన పోయేవాళ్లు చూస్తుండగా అట్లా దిగడం ఆమెకు తల కొట్టేసినట్టుండేది. మొన్న రేణిగుంట దగ్గర తేల్చి చెప్పేసింది.

"పలమనేరు పొయ్యే దావలో, బంగారుపాళ్యంలో మా చెల్లెలింటి కాడ దించెయ్‌ నాయనా. నేనింక రాను."

రంగరాజు లోటా తీసుకుని, బస్సెక్కి, తిరుపతిలో ఏకాంబరం మోటారు సామాన్ల అంగడికి పోనిమ్మన్నాడు. శాంతయ్యకు ఒళ్లు మండింది. పెద్దావిడ పోతానంటుంటే ఒక్క మాటైనా అనకుండా ఈయనకు మజ్జిగ పిచ్చేమిటి?

మొదటి జాకీ పళ్లది. పంటిపంటికీ బస్సు ఎగిరింది, లోపల పెట్టిన లోటా బోర్లా పడింది. రెండోది మర తిప్పేది. ఎత్తడం బాగానే ఎత్తింది, దించేటప్పుడు జారింది. ఏకాంబరం నెత్తి కొట్టుకున్నాడు.

"సామీ, జాకీ బస్సును ఎత్తేదానికా, మజ్జిగను ఎత్తేదానికా?"

"మజ్జిగనే. బస్సు దాని ఎనకాలే వస్తాది."

అంగడంతా పుల్లటి వాసన. తిరుపతి పిల్లులన్నీ గుమ్మంలో చేరాయి. చివరికి ఏకాంబరం విసిగిపోయి, మూలన పడి ఉన్న మిలిటరీ నూనె జాకీ ఈడ్చుకొచ్చాడు. అది బస్సును మెల్లగా లేపింది, అంతే మెల్లగా దించింది. మజ్జిగలో కరివేపాకు కూడా కదల్లేదు.

చిత్తూరు దాటగానే టైరు పోయింది. అలవాటు కొద్దీ నలుగురూ మంచం దగ్గరికొచ్చారు. రంగరాజు అడ్డం నిలబడి, నిండు లోటా దేవకమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వు దిగేదానికి లేదక్కా. దీన్ని ఎవురు సూసుకుంటారు?"

శాంతయ్య జాకీ కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినప్పుడల్లా లోపలినుంచి "తొణకలేదు" అని వినిపించింది. రానురాను ఆ గొంతులో వెనకటి రాణి పలికింది. ఆ లోటా ఎవరికోసం తిరిగిందో శాంతయ్యకు అప్పటికి గాని తెలియలేదు. చెయ్యి ఆగిపోయింది.

"ఏం సూస్తా ఉండావు? కొట్టు" అని గదిమాడు రంగరాజు.

బంగారుపాళ్యంలో కబురందుకున్న చెల్లెలు వాకిట్లోనే ఎదురుచూస్తోంది. శాంతయ్య పెట్టె దించబోతే దేవకమ్మ ఆపింది.

"దాన్ని ఆడ్నే ఉండనీప్పా. నేను దిగితే ఈయప్ప మజ్జిగకు కాపలా ఎవురుండారు?"

రంగరాజు వినపడనట్టు మొహం అటు తిప్పుకున్నాడు. పలమనేరులో ఆట చూద్దువు రమ్మని చెల్లెలిని కూడా బస్సెక్కించాడు.